నవ్వే శిశువులు

ఈ బిడ్డలకు మాటలు రావు, అడుగులు తడబడతాయి. పెదవులపై చిరునవ్వు మాత్రం చెదరదు. ఆ నవ్వు వ్యాధి లక్షణమా, హృదయభాషా?

శిశువు తొలిసారి కళ్ళలోకి చూసి నవ్విన రోజున ఇల్లంతా పండుగవుతుంది. పుట్టిన ఆరు వారాలకో, రెండు నెలలకో కనిపించే ఆ బోసినవ్వు, మాట నేర్వకముందే మనిషి మనిషితో జరిపే మొదటి సంభాషణ. నవ్వని బిడ్డను చూసి తల్లిదండ్రులు దిగులుపడతారు. డాక్టరు వద్దకు పరుగెత్తుతారు. కాని నవ్వే బిడ్డను చూసి దిగులుపడే తల్లి ఎక్కడైనా ఉంటుందా?

అటువంటి తల్లులు ఉన్నారు. వారి బిడ్డలు పిలిస్తే నవ్వుతారు, తాకితే నవ్వుతారు, నీళ్ళను చూస్తే నవ్వుతారు. ఒక్కొక్కప్పుడు ఏ కారణమూ కనిపించకుండానే నవ్వుతారు. కాని తోటి పిల్లలు పాకుతున్న వయస్సులో వీరు కూర్చోవడానికే తంటాలు పడతారు. తోటి పిల్లలు పరుగులు తీస్తున్న వయస్సులో వీరికి నిలబడడమే గగనమవుతుంది. "అమ్మా" అన్న ఒక్క పిలుపు కోసం ఎదురుచూసిన తల్లికి ఆ పిలుపు బహుశా ఎన్నటికీ వినిపించదు.

వైద్యులు ఈ వ్యాధిని ఏంజెల్మన్ సిండ్రోమ్ అంటారు. ప్రపంచంలో సుమారు 12,000 నుంచి 20,000 మంది శిశువులలో ఒకరికి ఇది సంక్రమిస్తుందని అంచనా. జాతి, కులం, దేశం అన్న భేదం దీనికి లేదు. ఆడపిల్లలకూ మగపిల్లలకూ సమానంగా వస్తుంది. సంఖ్యలో ఇది చిన్నదే. అయినప్పటికీ, ఒక చిన్న జన్యువులోని లోపం మనిషి నడకను, మాటను, నిద్రను, చివరకు నవ్వును కూడా ఎలా మార్చగలదో చెప్పే ఉదాహరణలలో ఇంతకు మించినది అరుదు.

వెరోనా నగరంలో ఒక చిత్రపటం

ఈ కథ ఇంగ్లండులోని వారింగ్టన్ పట్టణంలో ఆరంభమైనది. అక్కడి ఆసుపత్రిలో పిల్లల వైద్యుడుగా పనిచేస్తున్న డాక్టర్ హ్యారీ ఏంజెల్మన్ వద్దకు వేర్వేరు సమయాలలో ముగ్గురు పిల్లలు వచ్చారు. ముగ్గురివీ వేర్వేరు కుటుంబాలు. బయటికి చూస్తే వారి బాధలు కూడా వేర్వేరుగానే తోచాయి. కాని ఆయన కంటికి ఒక పోలిక కనిపించింది. ముగ్గురికీ బుద్ధి ఎదుగుదల తక్కువ. ముగ్గురి కాళ్ళు చేతులు కుదుపులతో కదులుతాయి. ముగ్గురికీ మూర్ఛలు వస్తాయి. ముగ్గురూ తరచుగా నవ్వుతారు.

ముగ్గురిదీ ఒకే వ్యాధి అని ఆయన మనస్సు చెప్పింది. నిరూపించడానికి ఆ రోజులలో ఏ పరీక్షా లేదు. రుజువు లేనిదే వైద్య పత్రికకు వ్రాయడమెలా అని ఆయన సంకోచించారు.

ఆ సమయంలో ఆయన సెలవు గడపడానికి ఇటలీ వెళ్ళారు. వెరోనా నగరంలోని కాస్టెల్‌వెక్కియో అనే పాత కోటలో ఒక చిత్రశాల ఉన్నది. అందులో పదహారవ శతాబ్దపు చిత్రకారుడు జొవాన్నీ ఫ్రాంచెస్కో కరోటో వేసిన తైలవర్ణ చిత్రం ఒకటి ఆయన దృష్టిని ఆకర్షించింది. ఎర్రని జుట్టు గల ఒక బాలుడు, పిల్లలు గీసే తరహా బొమ్మ ఒకటి ఉన్న కాగితాన్ని చేత పట్టుకొని, చూసేవారి వైపు తిరిగి నోరారా నవ్వుతున్నాడు. ఆ నవ్వు ముఖం, తన రోగుల కుదుపుల కదలికలు రెండూ కలిసి ఆయన మనస్సులో ఒక రూపం దిద్దుకొన్నాయి. ఇంగ్లండుకు తిరిగి వచ్చి, 1965లో ఆ ముగ్గురు పిల్లలను గురించి ఒక వ్యాసం ప్రచురించారు. దానికి ఆయన పెట్టిన పేరు "కీలుబొమ్మ పిల్లలు".

ఆ చిత్రంలోని బాలునికీ ఇదే వ్యాధి ఉండి ఉంటుందా అని తరువాత కొందరు ఊహించారు. ఊహకు ఆధారం లేదు. ఆ కాగితం మీది బొమ్మ ఆ బాలుడే గీసినదైతే, ఏంజెల్మన్ వ్యాధి తీవ్రంగా ఉన్న బిడ్డకు అది సాధ్యమయ్యే పని కూడా కాదు. ఆ చిత్రం డాక్టరుకు ఒక పోలికను మాత్రమే అందించింది.

1967లో మరి ఇద్దరు వైద్యులు ఇటువంటి పిల్లలను వర్ణిస్తూ "ఆనందపు కీలుబొమ్మ" అన్న అర్థం వచ్చే పేరు వాడారు. ఆ పేరే చాలాకాలం వ్యాప్తిలో ఉన్నది. కన్నబిడ్డను బొమ్మ అంటే ఏ తల్లిదండ్రులు సహిస్తారు? పెట్టిన పేరు అందరు తల్లిదండ్రులకూ నచ్చలేదని ఏంజెల్మన్ కూడా తరువాతి రోజులలో ఒప్పుకొన్నారు. 1982లో అమెరికాలోని ఫ్లోరిడాకు చెందిన డాక్టర్ చార్లెస్ విలియమ్స్, డాక్టర్ హైమే ఫ్రియాస్ ఆ పేరును తొలగించి, వ్యాధిని మొదట గుర్తించిన వైద్యుని పేరే దానికి పెట్టాలని సూచించారు. అప్పటి వరకు దాదాపు మరుగున పడి ఉన్న ఆ చిన్న వ్యాసం నాటి నుంచి వైద్యలోకం దృష్టికి వచ్చింది. 1996లో కన్నుమూసిన డాక్టర్ ఏంజెల్మన్ తన పేరు ప్రపంచమంతటా వినిపించడం కళ్ళారా చూశారు.

చిరునవ్వు చాటున

ఈ వ్యాధిని గుర్తించడం ఆలస్యమయ్యేందుకు ఒక ముఖ్య కారణం ఆ చిరునవ్వే. శిశువు పుట్టినప్పుడు ఏ లోపమూ కనిపించదు. పాలు తాగడంలో కొంత ఇబ్బంది ఉండవచ్చు. చాలామంది పిల్లలకు ఉండే ఇబ్బందే కదా అనుకొంటారు. ఆరు నెలల నుంచి ఏడాదిలోగా ఎదుగుదల మందగించినట్లు తల్లికి అనుమానం వస్తుంది. "ఇంత హుషారుగా నవ్వే పిల్లకు జబ్బేమిటమ్మా? కొందరికి ఆలస్యంగా వస్తుంది" అని పెద్దలు ధైర్యం చెబుతారు. కొందరు పిల్లలకు కుటుంబంలో ఎవరికీ లేని తెల్లని మేనిఛాయ, లేతరంగు జుట్టు ఉంటాయి. మన ఇళ్ళలో దానిని చూసి మురిసిపోతారే కాని, అది కూడా వ్యాధిలో భాగం కావచ్చునన్న ఊహ ఎవరికీ రాదు. రంగుకు సంబంధించిన జన్యువు ఒకటి ఈ వ్యాధికి మూలమైన చోటుకు పక్కనే ఉండడం వలన, రెండూ కలిసి లోపించిన పిల్లలలో అలా జరుగుతుంది.

మిగిలిన లక్షణాలు క్రమంగా బయటపడతాయి. రెండేళ్ళు వచ్చేసరికి తల చుట్టుకొలత వయస్సుకు తగినంత పెరగలేదని తేలుతుంది. నూటికి ఎనభై మందికి పైగా పిల్లలకు మూర్ఛలు వస్తాయి. సాధారణంగా మూడేళ్ళలోపే ఆరంభమవుతాయి. మెదడులోని విద్యుత్తరంగాలను నమోదు చేసే ఇ.ఇ.జి. పరీక్షలో, మూర్ఛలు ఇంకా రాకముందే, అనుభవం గల వైద్యుడు ఈ వ్యాధి ముద్రను పోల్చుకోగలడు. నడక వచ్చేవారికి రెండున్నర నుంచి ఆరేళ్ళ మధ్య వస్తుంది. కాళ్ళు ఎడంగా పెట్టి, మోచేతులు మడిచి పైకెత్తి, తాడు మీద నడిచే దొమ్మరివానివలె తూలుతూ నడుస్తారు. ఉత్సాహం కలిగితే చేతులు రెక్కలవలె ఆడిస్తారు. పదిమందిలో ఒకరికి నడక అసలే రాదు.

మాట విషయం మరింత కఠినమైనది. చాలామందికి ఒక్క మాటా రాదు. వచ్చినవారికి నాలుగైదు మాటలకు మించవు. అయితే, చెప్పగలిగిన దానికన్న అర్థం చేసుకొనేది చాలా ఎక్కువ. "అన్నం తిందాం రా" అంటే వస్తారు. చెప్పులు తెమ్మంటే తెస్తారు. లోపలికి వెళ్ళే ద్వారం కొంత తెరిచి, వెలుపలికి వచ్చే ద్వారం మూసి ఉన్న ఇంటివంటిది వారి స్థితి.

నిద్ర కూడా తక్కువ. అర్ధరాత్రి లేచి కూర్చుని నవ్వుతూ, ఆడుతూ తెల్లవారేదాకా మేలుకొని ఉంటారు. ఆ ఇంట్లో తల్లిదండ్రులకు కంటినిండా నిద్ర ఉండదు. నీరంటే ఈ పిల్లలకు విపరీతమైన ఆకర్షణ. స్నానాల తొట్టి, వాననీటి గుంట, చెరువు, ఏది కనిపించినా అటే పరుగు. వారికి ఆనందం కలిగించే ఆ నీరే వారికి పెద్ద అపాయం కూడా. ఇంటి ముంగిట బావి, వీధి చివర కాలువ ఉండే మన ఊళ్ళలో ఈ సంగతి క్షణమైనా మరువరానిది.

తూలే నడకను చూసి ఈ వ్యాధిని మొదట సెరిబ్రల్ పాల్సీ అనో, మాట రాకపోవడం చూసి ఆటిజం అనో పొరబడడం కద్దు. ఐర్లండుకు చెందిన ప్రసిద్ధ సినీనటుడు కాలిన్ ఫారెల్ తన కుమారునికి ఈ వ్యాధి ఉన్న సంగతిని 2007లో బహిరంగంగా వెల్లడించారు. ఆ బాలునికి కూడా మొదట సెరిబ్రల్ పాల్సీ అనే చెప్పారు. నాలుగేళ్ళు నిండబోతుండగా ఆ బాలుడు తొలి అడుగులు వేశాడు. సంపద, కీర్తి, గొప్ప వైద్యులు అందుబాటులో ఉన్నవారికే అటువంటి అనుభవం ఎదురైనప్పుడు, సామాన్య కుటుంబాల గతి ఊహించుకోవచ్చు.

రెండు వత్తుల దీపం

వ్యాధికి మూలం ఎక్కడ? మొదటి జాడ 1987లో దొరికింది. అమెరికాలో ఎలెన్ మజీనిస్, ఆమె సహచరులు ఈ పిల్లల పదిహేనవ క్రోమోజోములో ఒక చిన్న ముక్క లోపించి ఉన్నట్లు కనుగొన్నారు. కాని ఆ జాడ శాస్త్రజ్ఞులను ఒక పెద్ద చిక్కులో పడవేసింది. సరిగా అదే చోట, అదే ముక్క లోపించిన మరొక వ్యాధి అప్పటికే ఉన్నది. 1956లో స్విట్జర్లండు వైద్యులు వర్ణించిన ప్రేడర్-విల్లీ సిండ్రోమ్ అది. ఆ వ్యాధి గల పిల్లలు శైశవంలో పాలు కూడా సరిగా చప్పరించలేక మెత్తబడి ఉంటారు. తరువాత ఎంత తిన్నా తీరని ఆకలితో బాధపడతారు. వారిలో ఈ నవ్వు లేదు, ఈ తూలే నడక లేదు. ఒకే చోట ఒకే లోపం రెండు భిన్నమైన వ్యాధులను ఎలా కలిగిస్తుంది?

1989లో సమాధానం దొరికింది. మనకు ప్రతి క్రోమోజోమూ జంటగా ఉంటుంది. ఒకటి తల్లి ఇచ్చినది, మరొకటి తండ్రి ఇచ్చినది. తండ్రి నుంచి వచ్చిన పదిహేనవ క్రోమోజోములో ఆ ముక్క లోపిస్తే ప్రేడర్-విల్లీ. తల్లి నుంచి వచ్చిన దానిలో లోపిస్తే ఏంజెల్మన్! జన్యువు ఎవరి నుంచి వచ్చిందో శరీరం గుర్తు పెట్టుకొంటుందన్నమాట. మన జన్యువులలో చాలావాటికి ఈ భేదం లేదు. కొన్నింటి మీద మాత్రం తల్లి ముద్రో, తండ్రి ముద్రో పడి ఉంటుంది. ఆ ముద్రను బట్టి ఒకటి పనిచేస్తుంది, మరొకటి మౌనంగా ఉంటుంది.

ఒకే ప్రమిదలో రెండు వత్తులు ఉన్నాయనుకోండి. ఒక వత్తి వెలుగుతున్నది. రెండవ వత్తి బాగానే ఉన్నది, నూనె కూడా ఉన్నది. కాని దాని మీద మూత బోర్లించి ఉన్నది. వెలిగే వత్తి ఉన్నంతకాలం ఇంట్లో చీకటి లేదు. అది లేకపోతే, మూత కింది వత్తి ఎంత మంచిదైనా ప్రయోజనం లేదు. మెదడులోని నాడీకణాలలో యూబీఈ-3ఏ అనే జన్యువు పరిస్థితి అచ్చంగా ఇదే. తల్లి ఇచ్చిన ప్రతి పనిచేస్తుంది. తండ్రి ఇచ్చిన ప్రతి మూత కింద ఉంటుంది.

ఏంజెల్మన్ వ్యాధికి ఈ జన్యువే మూలమని 1997లో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా, ఒకే సమయంలో ప్రకటించాయి. కణంలో పని ముగిసిన మాంసకృత్తులను ఏరి, తొలగించవలసినవిగా వాటికి గుర్తు వేసే ఒక ఎంజైమును ఈ జన్యువు తయారు చేస్తుంది. ఆ ఎంజైము లేకపోతే నాడీకణాల మధ్య సంకేతాలు క్రమం తప్పుతాయి.

తల్లి వత్తి ఆరిపోవడానికి మార్గాలు నాలుగు. నూటికి 70 మంది పిల్లలలో ఆ క్రోమోజోము ముక్కే లోపిస్తుంది. నూటికి సుమారు 10 మందిలో ముక్క ఉంటుంది కాని జన్యువులో పొరపాటు ఉంటుంది. కొద్దిమందిలో పదిహేనవ క్రోమోజోములు రెండూ తండ్రి నుంచే వస్తాయి. మరికొద్దిమందిలో ముద్ర వేసే విధానమే తారుమారవుతుంది. నూటికి మరో పదిమందిలో లక్షణాలన్నీ ఉన్నా పరీక్షలలో కారణం తేలదు.

నింద ఎవరిది?

తల్లి నుంచి వచ్చిన జన్యువు అని వినగానే మన సమాజంలో మొదట జరిగేదేమిటో వేరే చెప్పనక్కరలేదు. "కోడలి వైపు నుంచి వచ్చిన జబ్బు" అన్న మాట క్షణంలో పుడుతుంది. ఆ మాట అన్యాయమైనది. శాస్త్రం ప్రకారం కూడా తప్పు. అత్యధిక సంఖ్యాకులలో క్రోమోజోము ముక్క లోపించడం, అండం ఏర్పడే సమయంలో యాదృచ్ఛికంగా జరిగే ఘటన. తల్లి తిన్న ఆహారం గాని, గర్భంలో పడిన శ్రమ గాని, గ్రహణం గాని, ఆమె పూర్వీకులు గాని దానికి కారణం కాదు. అటువంటి కుటుంబంలో రెండవ బిడ్డకు ఈ వ్యాధి వచ్చే అవకాశం నూటికి ఒకటి కన్న తక్కువ.

తెలుగు ఇళ్ళలో మేనరికాలు వాడుకలో ఉన్నాయి గనుక, బిడ్డకు ఏ లోపం కనిపించినా "దగ్గరి సంబంధం చేసుకున్నారు గదా" అనడం కూడా పరిపాటి. కొన్ని జన్యువ్యాధులకు మేనరికం నిజంగానే దారి తీస్తుంది. తల్లి నుంచి, తండ్రి నుంచి ఒకే లోపం కలిసి వస్తే తప్ప అవి బయటపడవు. ఏంజెల్మన్ వ్యాధి ఆ కోవకు చెందదు. ఇక్కడ తల్లి ప్రతి ఒక్కటి పోతే చాలు. భార్యాభర్తలు బంధువులైనా, ఎవరికి ఎవరూ కాకపోయినా భేదం లేదు.

అయితే, జన్యువులో పొరపాటు ఉన్న కుటుంబాల కథ వేరు. ఆ పొరపాటు ఒక పురుషుని నుంచి అతని కుమార్తెకు వచ్చిందనుకొందాం. ఆమెకు ఏ వ్యాధీ రాదు. ఏలననగా తండ్రి ఇచ్చిన ప్రతి ఎలాగూ మూత కిందే ఉంటుంది. కాని ఆమె తల్లి అయినప్పుడు, ఆ పొరపాటు గల ప్రతి బిడ్డకు చేరే అవకాశం సగానికి సగం. చేరిన బిడ్డకు వ్యాధి తప్పదు. తాత ఆరోగ్యవంతుడు, తల్లి ఆరోగ్యవంతురాలు, బిడ్డ మాత్రం రోగి! అందువలన వ్యాధి ఉన్నదని తెలియడంతోనే సరిపోదు. నాలుగు మార్గాలలో ఏది అన్నది తేల్చుకొని, మరొక బిడ్డను కనే ముందు జన్యువైద్యుల సలహా తీసుకోవాలి. రక్తంతో చేసే మిథైలేషన్ పరీక్ష పదిమందిలో ఎనిమిదిమందిని పట్టిస్తుంది. మిగిలినవారికి జన్యువును అక్షరాక్షరం చదివే పరీక్ష అవసరమవుతుంది.

ఆ నవ్వుకు అర్థమున్నదా?

చాలాకాలం పాటు వైద్యగ్రంథాలు ఈ నవ్వును "అకారణమైనది" అని వర్ణించాయి. కాలు కుదుపుకొన్నట్లే ముఖకండరాలు కూడా కుదుపుకొంటాయనీ, ఆ నవ్వుకూ ఆనందానికీ సంబంధం లేదనీ కొందరు భావించారు. ఈ అభిప్రాయం తల్లుల గుండెలకు ఎంత గాయం చేసి ఉంటుందో ఊహించండి. బిడ్డ మాట్లాడదు, పిలవదు. మిగిలినది ఆ నవ్వొక్కటే. అది కూడా తన కోసం కాదు, వ్యాధి ఆడించే ఆట అంటే ఆ తల్లికి ఇక ఏమి మిగిలినది?

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు క్రిస్ ఆలివర్, ఆయన సహచరులు ఈ ప్రశ్నకు పరీక్షతోనే సమాధానం వెదికారు. పెద్దవారు ఎదుట కూర్చుని, కళ్ళలోకి చూస్తూ, మాట్లాడుతూ, తాకుతూ ఉన్న సమయాలలో పిల్లలు ఎంత నవ్వుతున్నారో లెక్కించారు. అటువంటి పలకరింపు లేని సమయాలలో ఎంత నవ్వుతున్నారో లెక్కించి రెండింటినీ పోల్చారు. 2002లో వెలువడిన ఫలితం స్పష్టంగా ఉన్నది. మనిషి పలకరించినప్పుడు నవ్వు పెరిగింది. పలకరింపు లేనప్పుడు తగ్గింది. అకారణమైన కుదుపే అయితే ఎదుట ఎవరున్నా, లేకపోయినా ఒకే విధంగా ఉండాలి గదా!

అంటే, నవ్వు సులభంగా వచ్చేటట్లు చేసినది వ్యాధి. నవ్వు పుట్టించేది మాత్రం మనిషి. ఈ పిల్లలకు మనుషుల సాన్నిధ్యం అంటే తరగని ఆకలి. ఎదుటివారి దృష్టి తమ మీద నిలవాలని వారు చేసే ప్రయత్నాలన్నీ ముచ్చటగా ఉంటాయని కాదు. గట్టిగా కౌగిలించుకొంటారు, చేయి పట్టి లాగుతారు, జుట్టు పట్టుకొని వదలరు. చూసేవారికి అది దుడుకుతనంగా తోస్తుంది. మాట లేని బిడ్డకు "నా వైపు చూడు" అని చెప్పే మార్గాలు ఎన్ని ఉంటాయి? ఆ నవ్వు వాటిలో అన్నింటికన్న సులభమైనది, అన్నింటికన్న ఫలవంతమైనది.

వయస్సు పెరిగేకొద్దీ నవ్వు కొంత తగ్గుతుందని తరువాతి అధ్యయనాలు తెలిపాయి. యౌవనంలో ప్రవేశించిన బిడ్డ ఇదివరకటివలె నవ్వడం లేదని కలవరపడే తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియడం మంచిది. అలాగని, ఉన్నట్టుండి నవ్వు మాయమైతే ఉపేక్షించరాదు. ఏదో బాధ ఉన్నదేమోనని పరీక్ష చేయించాలి.

నవ్వు దాచే బాధ

ఈ వ్యాధిలో అత్యంత ప్రమాదకరమైన సంగతి ఒకటున్నది. నవ్వే ముఖం చూసి "బిడ్డ సుఖంగా ఉన్నది" అనుకోవడం మానవ స్వభావం. కాని ఈ పిల్లలు ఆందోళనలోను, అసౌకర్యంలోను, ఒక్కొక్కప్పుడు నొప్పిలోను కూడా నవ్వవచ్చు. మలబద్ధకం, తిన్నది గొంతులోకి ఎగదన్నడం వీరిలో సర్వసాధారణం. పంటినొప్పి, చెవిపోటు, ఎముక దెబ్బ, ఏది వచ్చినా "ఇక్కడ నొప్పి" అని చెప్పే మాట వారి వద్ద లేదు.

అందువలన ఇంటివారు నవ్వును పక్కన పెట్టి వేరే గుర్తులు చదవడం నేర్చుకోవాలి. తిండి తగ్గినదా? ఉన్న కొద్దిపాటి నిద్ర కూడా పోయినదా? ఒకే చోట చేయి పదే పదే పెడుతున్నదా? నడక మారినదా? డాక్టరు వద్దకు వెళ్ళినప్పుడు "నవ్వుతున్నాడు గదా, ఏమీ లేదు" అన్న మాట వినిపిస్తే, తల్లి మెత్తగానైనా దృఢంగా "ఈ బిడ్డ నొప్పిలో కూడా నవ్వుతాడండీ" అని చెప్పగలగాలి.

చేయగలిగినది చాలా ఉన్నది

వ్యాధిని మూలం నుంచి తొలగించే మందు ఇంకా చేతికి అందలేదు. కాని బిడ్డ జీవితాన్ని మెరుగుపరచే మార్గాలు అనేకం ఉన్నాయి. మూర్ఛలను అదుపులో ఉంచే మందులున్నాయి. ఇక్కడ ఒక హెచ్చరిక: మూర్ఛకు సాధారణంగా వాడే కార్బమజెపిన్ వంటి కొన్ని మందులు ఈ వ్యాధిలో మూర్ఛలను పెంచవచ్చు. రోగనిర్ణయం సరిగా జరగడం ఎంత అవసరమో దీనిని బట్టి తెలుస్తుంది. పిండిపదార్థాలు బాగా తగ్గించిన ప్రత్యేక ఆహారం, వైద్యుల పర్యవేక్షణలో, కొందరికి మేలు చేసింది. నిద్రకు మెలటోనిన్ కొంత ఉపకరిస్తుంది.

వ్యాయామ చికిత్స నడకకు ఊతమిస్తుంది. వయస్సు మీరిన కొద్దీ వెన్ను వంకర పోకుండా కాపాడుతుంది. మాట స్థానంలో బొమ్మలు పనికివస్తాయి. అన్నం, నీళ్ళు, ఆట, నొప్పి, బయటికి అన్న బొమ్మలున్న పలక ఇచ్చి, కావలసిన దానిని వేలితో చూపడం నేర్పితే, బిడ్డ కోపం సగం తగ్గుతుంది. బొమ్మను తాకితే మాట పలికే పరికరాలు కూడా నేడు లభిస్తున్నాయి. చిన్ననాటనే మొదలుపెట్టడం, విసుగు లేకుండా కొనసాగించడం, ఈ రెండే ముఖ్యం.

మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం బుద్ధి మాంద్యం, బహుళ వైకల్యాలు గలవారికి చదువు, సంక్షేమ పథకాలలో హక్కు కల్పించింది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, పద్దెనిమిదేళ్ళు దాటినా తమ వ్యవహారాలు తాము చూసుకోలేని ఇటువంటివారికి చట్టబద్ధమైన సంరక్షకుని నియమించుకొనే వీలున్నది. సికింద్రాబాదులో 1984లో ఏర్పడిన జాతీయ బుద్ధిమాంద్య సంస్థ నేడు బుద్ధి వైకల్యం గలవారి సాధికారత సంస్థగా పేరు మార్చుకొని, తల్లిదండ్రులకు శిక్షణ, సలహాలు ఇస్తున్నది. 2021 నాటి అరుదైన వ్యాధుల జాతీయ విధానం గుర్తించిన కేంద్రాలలో హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ, డి.ఎన్.ఏ. ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం కలిసి ఒకటిగా ఉన్నాయి.

మూత తీయగలమా?

పరిశోధకుల ఆశ అంతా తండ్రి ఇచ్చిన ఆ రెండవ వత్తి మీదే ఉన్నది. వత్తి చెడలేదు, మూత తీస్తే వెలుగుతుంది. మూత అనేది కూడా ఒక పదార్థమే. తండ్రి క్రోమోజోము మీద ఆ జన్యువుకు ఎదురుదిశలో తయారయ్యే ఒక ఆర్.ఎన్.ఏ. పోగు దానిని అణచి ఉంచుతుంది. ఆ పోగును నశింపజేసే మందుతో ఎలుకల మెదడులో తండ్రి జన్యువును మేల్కొల్పవచ్చునని అమెరికాలోని పరిశోధకులు 2015లో చూపించారు. అదే సంవత్సరం హాలండులో జరిగిన ఎలుకల పరీక్షలు మరొక సత్యం తెలిపాయి: జన్యువును ఎంత చిన్న వయస్సులో మేల్కొలిపితే ప్రయోజనం అంత ఎక్కువ, ఆలస్యమైతే కొన్ని లోపాలు మాత్రమే సరిదిద్దబడతాయి.

2020లో ఈ తరహా మందును వెన్నెముక నీటిలోకి ఎక్కించి పిల్లలపై పరీక్షించడం ఆరంభమైనది. మొదట పుచ్చుకొన్న ఐదుగురికీ కాళ్ళలో బలహీనత కలగడంతో పరీక్ష నిలిపివేశారు. ఆ బలహీనత తరువాత తగ్గిపోయింది. మోతాదు తగ్గించి, పద్ధతి మార్చి తిరిగి ప్రారంభించారు. ఇదే మార్గంలో మరికొన్ని మందులూ పరీక్షల దశకు వచ్చాయి. ఆశకు కారణం ఉన్నది. అద్భుతాలు అమ్మజూపేవారిని నమ్మి ఆస్తులు అమ్ముకోవడానికి మాత్రం కారణం లేదు.

2013 నుంచి ప్రతి సంవత్సరం ఫిబ్రవరి 15వ తేదీని ప్రపంచమంతటా ఏంజెల్మన్ దినంగా పాటిస్తున్నారు. ఆ తేదీలోని పదిహేను, పదిహేనవ క్రోమోజోముకు గుర్తు.

ఈ వ్యాధి గలవారు దాదాపు అందరివలె దీర్ఘకాలం జీవిస్తారు. అంటే బిడ్డగా నవ్విన మనిషి, నలభై ఏళ్ళ మనిషిగా కూడా మన మధ్య ఉంటాడు. తల్లిదండ్రులకు రాత్రింబవళ్ళు ఉండే చింత ఒక్కటే: "మా తరువాత వీడిని చూసేవారెవరు?" ఈ ప్రశ్నకు ప్రయోగశాల ఒక్కటే సమాధానం చెప్పలేదు. బంధువులు, ఇరుగుపొరుగు, పాఠశాలలు, ప్రభుత్వం కూడా చెప్పవలసి ఉన్నది.

బస్సులోనో, గుడిలోనో, పెళ్ళిపందిట్లోనో ఇటువంటి బిడ్డ మీ చేయి పట్టుకొని నవ్వితే, బెదిరి చేయి విడిపించుకోకండి. జాలిగా తల్లి వైపు చూడకండి. బిడ్డ కళ్ళలోకి చూసి నాలుగు మాటలు మాట్లాడండి. జవాబుగా మాట రాకపోయినా, ఆ ముఖం మీది నవ్వు ఇంకొంచెం విప్పారుతుంది. ఆ అదనపు నవ్వు పూర్తిగా మీకోసమే.